ఎవరి హోటలో కనుక్కుని వెళ్ళాలా?

మా విశ్వవిద్యాలయం వెనుక గేటు ఎదుటి సందులో ఒక చిన్న భోజన హోటల్ ఉంది. నాలుగు బల్లలు, పదహారు కుర్చీలు, గోడకు ఆహార భద్రతా రిజిస్ట్రేషన్ కాగితం, గల్లాపెట్టె పైన ఎల్లమ్మ తల్లి, ఆ పక్కన అంబేడ్కర్ పటం. భార్యాభర్తలు నడుపుతున్నారు. ఆమె వండుతుంది, ఆయన సరుకులు తెస్తాడు, లెక్క చూస్తాడు. విద్యార్థులు నెల టోకెన్లు కొనుక్కుని రెండు పూటలా అక్కడే తింటారు. ఆమెను వాళ్ళంతా ‘అక్కా’ అంటారు. మధ్యాహ్నం తరగతి ఆలస్యమైన రోజుల్లో నేనూ అక్కడే తింటాను.

కొన్ని వారాల కిందట ఫోను మ్యాపులో ఆ హోటల్ పేరు కింద ఎవరో ఒక సమీక్ష రాశారు. ఐదు నక్షత్రాలకు ఒకటే ఇచ్చారు. మొత్తం నాలుగు వాక్యాలు. పప్పు పలుచగా ఉందన్నది మొదటిది. గ్లాసులు నీచువాసన వస్తున్నాయన్నది రెండోది. అలాంటివాళ్ళ దగ్గర శుభ్రత ఆశించడం మనదే పొరపాటు అన్నది మూడోది. ఎవరి హోటలో కనుక్కుని వెళ్ళండి అన్నది నాలుగోది.

మొదటి రెండు వాక్యాలు వంట గురించి, తర్వాతి రెండు పుట్టుక గురించి. ఈ రెంటికీ మధ్య రాసినవారు పెట్టింది ఒక చుక్క మాత్రమే. ఆ దంపతులు మాదిగలు. బోర్డు మీద అది రాసి లేదు. కానీ మన ఊళ్ళలోగానీ, విశ్వవిద్యాలయాల వెనుక సందుల్లోగానీ ఒక మనిషి కులం తెలియడానికి బోర్డు అవసరం ఎప్పుడు పడింది?

ఆమె ఫోను నా చేతికిచ్చి, ‘‘దీనికింద మనం గూడ జవాబు రాయొచ్చునట సారూ. జర మీరు రాసియ్యుండ్రి’’ అంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి రాశాను. అంటరానితనాన్ని నిషేధించిన రాజ్యాంగంలోని 17వ అధికరణం, 1955 నాటి పౌరహక్కుల చట్టం, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం, వాటి శిక్షలు, చివర ఒక హెచ్చరిక. ఇరవై ఏళ్ళుగా చదువుతున్నదీ, చెబుతున్నదీ అంతా ఆ పేజీన్నరలోకి వచ్చింది. మంచి రాత అనే అనుకున్నాను. మరునాడు చదివి వినిపించాను. ఆమె గరిటె పక్కన పెట్టి చివరిదాకా విన్నది. ‘‘మంచిగనే రాసిన్రు సారూ. గానీ ఇది సదివినోడు అన్నం తిననీకె వస్తడా, కోర్టుకు వస్తడా?’’ అని అడిగింది.

నేను సమాధానం వెతుక్కునేలోపే ఇంకో మాట అంది. ‘‘గ్లాసుల సంగతి నిజమే గద. ఆ దినం గుడ్ల కూర గిన్నెలు, గ్లాసులు ఒక్క తొట్టిలనే కడిగినం.’’

నా పేజీన్నరలో గ్లాసుల ప్రస్తావనే లేదు. కుల దూషణ కంటపడగానే మిగతాదంతా నా దృష్టి నుంచి జారిపోయింది. ఆమెకు మాత్రం నాలుగు వాక్యాలూ నాలుగుగానే కనిపించాయి. రెండు నిజం, రెండు దుర్మార్గం. దుర్మార్గాన్ని చూపించి నిజాన్ని దాచుకోవాలని ఆమెకు తోచలేదు. మా ఇద్దరిలో విశ్లేషకులెవరో ఆ క్షణంలో నాకు తేలికగానే అర్థమైంది.

విషయం విద్యార్థి సంఘాలకు తెలిసింది. వాళ్ళ కోపం నా కోపం కంటే వేగమైనది. వంద మందిమి వంద ఐదు నక్షత్రాలు పెడతామని, సాయంత్రానికల్లా ఆ ఒక్క నక్షత్రం ఎక్కడో అడుగుకు పోతుందని వచ్చి చెప్పారు. ఆమె ఒప్పుకోలేదు. ‘‘తినకుండ మంచిగున్నదని ఎట్ల రాస్తరు బిడ్డా? రేపు నిజంగ మంచిగున్నదని ఎవలన్న రాసినా నమ్మరు’’ అంది. ఆ పిల్లల్లో ముగ్గురు నలుగురు అంతకుముందు ఆ హోటల్ మెట్లు ఎక్కినవాళ్ళు కారు. వాళ్ళను నేను తప్పుపట్టను, నేనూ అదే పని పేజీన్నరలో చేశాను. కానీ విద్యార్థి మిత్రులు ఒకటి ఆలోచించాలి. రుచి చూడకుండా ఇచ్చే ఐదు నక్షత్రాలలోనూ ఆమె వంట లేదు, కులమే ఉంది. ఒకరు కులం చూసి ఒకటి వేశారు, ఇంకొకరు కులం చూసి ఐదు వేస్తామంటున్నారు. రెండోది సద్బుద్ధితో చేసేదే, సందేహం లేదు. అయినా ఆమె పప్పును ఇద్దరిలో ఎవరూ తినలేదు.

చివరకు జవాబు ఆమే చెప్పింది, నేను టైపు చేశాను. పప్పు పలుచనైన మాట నిజం, ఆ రోజు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. గ్లాసుల విషయంలో తప్పు మాదే, ఇప్పుడు తొట్లు వేరు చేశాం. వంటిల్లు తెరిచే ఉంటుంది, ఎవరైనా లోపలికి వచ్చి చూడవచ్చు. ఇంకోసారి వచ్చి తిని చెప్పండి. ఇంతే. ‘ఈసారి భోజనం ఉచితం’ అని చేర్చుదామా అన్నాను. ‘‘ఉత్తగనె ఎందుకు పెట్టాలె? తప్పు జరిగింది గానీ దొంగతనం జేసినమా?’’ అంది. అది రాయలేదు.

మూడు, నాలుగు వాక్యాల ఊసే ఆ జవాబులో లేదు. అది నాకు నచ్చలేదు. మౌనంగా ఉంటే ఆ మాట అక్కడే నిలబడిపోతుందని, చదివే ప్రతివాడికీ మనం ఒప్పుకున్నట్లే అనిపిస్తుందని వాదించాను. ఆమె ఉల్లిగడ్డలు కోస్తూనే జవాబిచ్చింది. ‘‘ఆ మాటకు నేనెందుకు జవాబు చెప్పాలె సారూ? అది నా వంట మీద అన్న మాట కాదు. మీరు చెప్పుండ్రి. పేపర్ల రాస్తరు గద.’’ హోటల్ పేరు, తన పేరు రాయొద్దని షరతు పెట్టింది. ఆ రెండు వాక్యాలకు జవాబు చెప్పే పని అలా నాకు వచ్చింది.

ముందు శుభ్రత సంగతి. కులం కారణంగా ఏ వంటింటికీ తనిఖీ నుంచి మినహాయింపు ఉండకూడదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం నక్షత్రాల హోటలుకూ సందులోని మెస్సుకూ వర్తిస్తుంది, వర్తించాలి కూడా. గ్లాసు వాసన వస్తే చెప్పే హక్కు డబ్బిచ్చి తినే ప్రతివారికీ ఉంది. చిక్కు రెండో వాక్యం నుంచి మూడో వాక్యానికి దూకడంలో ఉంది. గ్లాసు వాసనను ముక్కు పసిగట్టింది. ఆ వాసనకు కారణం పుట్టుకలో ఉందని చెప్పింది మాత్రం ముక్కు కాదు. ఇదే గ్లాసు ఇదే వాసనతో పక్క వీధిలోని మరో హోటల్లో ఎదురైతే ఈ సమీక్షకుడే ‘పనివాడు సరిగ్గా కడగలేదు’ అని రాసి ఉండేవాడు. అక్కడ అది ఒక మనిషి ఒక పూట చేసిన పొరపాటు. ఇక్కడ ఒక జాతి స్వభావం. ఇతరుల తప్పులకు తేదీ ఉంటుంది. మా తప్పులకు వంశవృక్షం ఉంటుంది.

తెలుగులో శుభ్రత వేరు, మడి వేరు. శుభ్రత సబ్బుకూ వేడినీళ్ళకూ లొంగుతుంది, ఎవరి చేతికైనా వస్తుంది. మడి అలా కాదు. అది ఎవరు కడిగారన్నదాన్ని బట్టి ఉంటుంది తప్ప ఎంత కడిగారన్నదాన్ని బట్టి కాదు. నేటి సమీక్షల భాషలో మడి అన్న మాట ఎవరూ వాడరు, వాడితే నవ్వుతారు. ‘హైజీన్’ అంటారు. ఆ మాట వెనుక నిజంగా సబ్బు ఉందా, మడి ఉందా అన్నది తర్వాతి వాక్యం చదివితే గానీ తెలియదు.

నాలుగో వాక్యాన్ని నేను పదే పదే చదివాను. ‘ఎవరు వండుతున్నారో’ కనుక్కోండి అనలేదు. ‘ఎవరు కడుగుతున్నారో’ అనీ అనలేదు. ‘ఎవరి హోటలో’ కనుక్కోమన్నారు. ఈ మాట యాదృచ్ఛికం కాదనుకుంటాను. నగరంలోని ఏ పెద్ద హోటల్లోనైనా అంట్లు తోమే గదిలోకి వెళ్ళి చూడండి. కూరగాయలు తరిగేవాళ్ళను, బల్లలు తుడిచేవాళ్ళను, మరుగుదొడ్డి కడిగేవాళ్ళను వాళ్ళ ఊళ్ళేవో, పేర్లేవో అడగండి. అక్కడ దళితులు, ఆదివాసులు, వలస కూలీలు తప్ప ఇంకెవరు ఎక్కువగా కనిపిస్తారు? తినేవారికి వాళ్ళ చేతులతో పేచీ రాలేదు. ఆ చేతులు తోమిన పళ్ళెంలోనే హాయిగా తింటున్నారు. పేచీ ఆ చేతులు గల్లాపెట్టె దాకా వచ్చినప్పుడే మొదలవుతుంది. తోమే మనిషి కులం అక్కర్లేనివారికి యజమాని కులం ఎందుకు కావాలి? అంటు భయం అయితే తొట్టి దగ్గరే ఉండాలి కదా!

బోర్డుల సంగతీ చూడాలి. మన పట్టణాల్లో ఏ రోడ్డు వెంట నడిచినా భోజన హోటళ్ళ బోర్డుల మీద కులం కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. రెడ్డి, చౌదరి, రాజు, శర్మ, అయ్యర్. వీటిని మనం కులం పేర్లుగా కూడా చదవం, రుచి పేర్లుగా చదువుతాం. ఒకటి చూస్తే నాటుకోడి, ఒకటి చూస్తే సాంబారు గుర్తుకొస్తాయి. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటల్ బోర్డు మీది ‘బ్రాహ్మణ’ అన్న మాట తీసెయ్యాలని పెరియార్ అనుచరులు నెలల తరబడి ఆందోళన చేశారు, అరెస్టయ్యారు. ఆ మాట అక్కడ ఉండటానికి అర్థం వాళ్ళకు తెలుసు. కులం పేరే ఇక్కడ శుభ్రతకు పూచీ అన్నది ఆ అర్థం. ఒక కులం పేరు పూచీ అయితే మరో కులం పేరు తప్పక హెచ్చరిక అవుతుంది. ఆ హెచ్చరిక ఎక్కడా రాసి ఉండకపోవడానికి కారణం ఒక్కటే, దాన్ని మోసేవాళ్ళు తమ బోర్డు మీద తమ పేరు రాసుకోరు. 2016లో చంద్రభాన్ ప్రసాద్ ‘దళిత్ ఫుడ్స్’ అని పేరు పెట్టి పచ్చళ్ళు, మసాలా దినుసులు ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినప్పుడు అది దేశమంతా వార్త అయింది. చౌదరి పేరుతో పచ్చడి అమ్మితే వార్త అవుతుందా?

మీరూ పేరు పెట్టొచ్చు కదా అని ఒకసారి ఆమెను అడిగాను. పండితుల సలహాలు ఇలాగే ఉంటాయి. ‘‘పెట్టుడు నాకిష్టమే సారూ. కిరాయి ఎవలు గడ్తరు?’’ అంది.

పేరు చెప్పుకోలేకపోవడం ఒక రకం బలవంతం, చెప్పి తీరాలనడం ఇంకో రకం. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కన్వర్ యాత్ర దారి పొడుగునా ఉన్న హోటళ్ళు, తినుబండారాల దుకాణాలు యజమానుల పేర్లు బయట రాయాలని పోలీసులు ఆదేశించారు. సుప్రీంకోర్టు జూలై 22న ఆ ఆదేశాల అమలును ఆపింది. ఏ రకం ఆహారం అమ్ముతున్నారో చెప్పమనవచ్చు గానీ పేర్లు చెప్పమని బలవంతపెట్టరాదంది. ఆ ఆదేశం గురి ముస్లింలు. కానీ పేరు బయటపడితే బేరం పోయే ప్రతి ఒక్కరికీ దాని అర్థం తెలిసింది. ‘ఎవరి హోటలో కనుక్కుని వెళ్ళండి’ అన్న మా సందులోని వాక్యం, ఆ పోలీసు ఆదేశం ఒకే ప్రశ్న అడుగుతున్నాయి. ఒకటి లాఠీతో అడిగింది, రెండోది నక్షత్రంతో.

చట్టం ఏం చేయగలదు? మా ఊరి హోటల్లో మా నాయన గ్లాసు చూరులో ఉండేది. 1980ల చివరి సంగతి, నాకు బాగా గుర్తు. చూరులోంచి తానే తీసుకుని, చాయ్ తాగి, తానే కడిగి, మళ్ళీ అక్కడే చెక్కాలి. అప్పటికి 15వ అధికరణం అమల్లోకి వచ్చి నాలుగు దశాబ్దాలు కావస్తోంది. దుకాణాలు, భోజనశాలలు, హోటళ్ళలోకి ప్రవేశాన్ని కులం కారణంగా ఎవరికీ నిరాకరించరాదని దాని రెండో క్లాజు చెబుతుంది. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో ఈ క్లాజు చర్చకు వచ్చినప్పుడు దుకాణం అంటే ఏమిటన్న ప్రశ్న లేచింది. సేవ కోరి వచ్చే ఎవరికైనా దాన్ని అందించడానికి యజమాని సిద్ధంగా ఉన్న చోటల్లా దుకాణమే అని అంబేడ్కర్ ఆ మాటకు ఎంతో విశాలమైన అర్థం చెప్పారు. క్షవరశాల, చాకలి దుకాణం కూడా అందులోకి వస్తాయి.

ఆ నిర్వచనంలో యజమాని ఒక పక్క, వచ్చేవాడు ఒక పక్క. మేము ఎప్పుడూ వచ్చేవాడి పక్కనే ఉన్నాం. తలుపు బయట నిలబడ్డవాణ్ణి లోపలికి పంపడానికి రాజ్యాంగం ఆ తలుపు తెరిచింది. లోపల గల్లాపెట్టె దగ్గర మేము కూర్చున్న రోజున ఎదుటివాడు గడప తొక్కకుండా వెళ్ళిపోతే ఏం చేయాలన్నది ఆ క్లాజులో లేదు, ఉండటమూ కష్టమే. ఫలానా హోటల్లో తిని తీరాలని ఎవరినీ ఏ చట్టమూ ఆదేశించలేదు. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆర్థిక బహిష్కరణను నేరంగా పేర్కొంది. ఊరంతా కలిసి చాటింపు వేస్తే ఆ సెక్షన్ పనికొస్తుంది. ఒక్కొక్కరూ విడివిడిగా, మర్యాదగా, ఏ చాటింపూ లేకుండా పక్క హోటలుకు వెళ్ళిపోతే ఏ సెక్షన్ కింద కేసు పెట్టాలి? 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో జరిగింది ఇదే. దళిత మహిళ వండిన మధ్యాహ్న భోజనం తినకుండా అగ్రకులాల పిల్లలు ఇళ్ళ నుంచి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె ఉద్యోగం పోయింది. దేశమంతా మాట్లాడాక మళ్ళీ వచ్చింది. అది ప్రభుత్వ వంటగది కనుక తిరిగి పెట్టమని అడగడానికి ఒక అధికారి ఉన్నాడు. సందులోని మెస్సుకు అటువంటి అధికారి ఎవరు?

వ్యాపారంలోకి రండి, ఉద్యోగాలు అడిగేవారుగా కాక ఇచ్చేవారుగా ఎదగండి అని దళిత యువతకు ఈ మధ్య చాలామంది హితవు చెబుతున్నారు. మార్కెట్‌కు కులం తెలియదని, రూపాయికి అంటు లేదని అంటున్నారు. 2005 ఆర్థిక గణనను పరిశీలించిన ఆర్థికవేత్తలు దేశంలోని సంస్థల్లో ఎస్సీల యాజమాన్యంలో ఉన్నవి 9.8 శాతమని తేల్చారు. జనాభాలో వాళ్ళ వాటా 16 శాతం పైగా ఉంది. ఆ తేడాకు పెట్టుబడి లేకపోవడం, భూమి లేకపోవడం, బ్యాంకు అప్పు పుట్టకపోవడం వంటి కారణాలు చెబుతాం, అవన్నీ నిజమే. కానీ పదకొండు రాష్ట్రాల్లోని 565 గ్రామాలను తిరిగి చూసి 2006లో వెలువరించిన అంటరానితనం అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. దాదాపు సగం గ్రామాల్లో దళితుల పాలు సహకార సంఘాలు కొనడం లేదని అందులో తేలింది. వాళ్ళకు బర్రె ఉంది, పాలున్నాయి, అమ్మాలన్న చొరవ ఉంది. కొనే చెయ్యి లేదు. మా గ్రామాల నుంచి వచ్చినవారు చెప్పే వ్యాపారాల జాబితా గమనించండి. చెప్పులు, ఇటుకలు, ఆటోలు, సెంట్రింగ్ పని, సెల్‌ఫోన్ రిపేరు. నోట్లోకి పోని వస్తువులే ఎక్కువ. రూపాయికి అంటు లేకపోవచ్చు, ముద్దకు ఉంది.

అందుకే ఆ నాలుగు బల్లల హోటల్ నాకు చిన్న సంగతిగా కనిపించదు. కులం అన్నిటికంటే గట్టిగా కాపలా కాసే చోట, నోటికీ చేతికీ మధ్య, ఆమె దుకాణం తెరిచింది. వచ్చే సెమిస్టరుకు నెల టోకెన్లు పదో పదిహేనో తగ్గితే ఆ అద్దె కట్టడం కష్టం. కాబట్టి ఆ సమీక్షలోని చివరి రెండు వాక్యాలను మాటలుగా మాత్రమే చూడలేను.

ఆ రెండు వాక్యాలు రాసినవారు ఈ పత్రిక చదువుతారో లేదో నాకు తెలియదు. మా విద్యార్థే అయి ఉండవచ్చు, నా తరగతిలోనే కూర్చుని ఉండవచ్చు. మారుపేరు వెనుక ఎవరున్నారో కనుక్కోవాలని మా పిల్లలు కొందరు పట్టుబట్టారు గానీ ఆమే వద్దంది. చదువుతుంటే ఆయనకు చెప్పేది ఇది. మీ మొదటి రెండు వాక్యాలు ఆమెకు పనికొచ్చాయి. తొట్లు వేరయ్యాయి, కొత్త స్టీలు గ్లాసులు వచ్చాయి, వాటిని ఇప్పుడు వేడినీళ్ళలో కడుగుతున్నారు. మీరు అక్కడ ఆగి ఉంటే అది నిఖార్సైన సమీక్ష. ‘ఎవరి హోటలో కనుక్కోండి’ అన్నారు కనుక చెబుతున్నాను. అది మాదిగల హోటల్. పన్నెండేళ్ళు ఇతరుల వంటిళ్ళలో అంట్లు తోమి, ఆ డబ్బుతో పెట్టుకున్న హోటల్. ఆ పన్నెండేళ్ళలో ఆమె తోమిన పళ్ళెంలో మీరు ఎక్కడో ఒకచోట తినే ఉంటారు.

నిన్న మధ్యాహ్నం తినడానికి వెళ్ళాను. ఆయన గల్లాపెట్టె దగ్గర లేడు, సరుకులకు పోయాడట. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఫోను పట్టుకొచ్చింది. కొత్త సమీక్ష ఒకటి వచ్చింది, మూడు నక్షత్రాలు. గోంగూర పప్పు బాగుందని, వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని రాశారు. ఇంకేమీ లేదు. ‘‘ఉప్పెక్కువైందట సారూ’’ అని రెండుసార్లు చదివి వినిపించింది. ఆ సమీక్ష వచ్చిన రోజు నుంచి ఆమె ముఖంలో అంత సంతోషం చూడలేదు. నాకు వంకాయ కూర వడ్డించి, నేను ముద్ద నోట్లో పెట్టుకునేదాకా అక్కడే నిలబడింది.

నిజంగానే ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆ మాటే చెప్పాను.